శాలువా వద్దు, ఘాట్ రోడ్డు కావాలి

వెళ్ళొచ్చి పదిహేను రోజులైంది. ఎడమ మణికట్టు నొప్పి ఇంకా పూర్తిగా తగ్గలేదు. అరకు గురించి రాసేవాళ్ళు మంచు గురించీ, లోయ గురించీ, కాఫీ గురించీ రాస్తారు. ఆ దారిలో బండి నడిపేవాళ్ళ గురించి పెద్దగా ఎవరూ రాయరు. అందుకని కూర్చున్నాను.

నా పేరు నూకరత్నం. వయసు అరవై రెండు. స్టీల్ ప్లాంటుకి భూములిచ్చిన పల్లెల్లో మాదొకటి. నాన్నకి రావాల్సిన ఉద్యోగం నాకొచ్చి స్టోర్స్‌లో చేరాను. మాకిచ్చిన కాలనీ నుంచి పొద్దుటి షిఫ్టుకి బస్సు ఉండేది కాదు. రెండు నెలలు నడిచాను. మూడో నెలలో తమ్ముడి మోటారు సైకిల్ తీసుకుని గేరు వెయ్యడం నేర్చుకున్నాను. చీర కుచ్చిళ్ళు నడుములో దోపుకుని నేను గేటు దగ్గరికొస్తుంటే, గుద్దేస్తానేమోనని మగాళ్ళు పక్కకి తప్పుకునేవారు. ఒక్కసారి కూడా ఎవర్నీ గుద్దలేదు. ఈ మాట ఎందుకు చెబుతున్నానంటే, మొన్న నన్ను ఇంచుమించు అదే అనుమానంతో మళ్ళీ పక్కన పెట్టారు. ఈసారి పెట్టింది ఆడపిల్లలే.

మా విశాఖలో ఆడవాళ్ళ బైక్ రైడింగ్ గ్రూపు ఒకటుంది. అరకు రైడ్ వేస్తున్నారని ఫోన్లో చూసి దరఖాస్తు నింపాను. రక్తం గ్రూపు అడిగారు, బాగానే ఉంది. యాభై ఐదు దాటకూడదన్నారు, నూట యాభై సీసీకి తగ్గకూడదన్నారు. నాకు వయసెక్కువ, నా బండికి సీసీ తక్కువ. అయినా పంపాను. గ్రూపు కెప్టెన్ హారిక అని, బ్యాంకులో పనిచేసే ముప్పయ్యేళ్ళ అమ్మాయి, ఫోన్ చేసింది.

"మేడమ్, మీ గురించి చదివి అందరం షాకయ్యాం. మీరు మాకు ఇన్‌స్పిరేషన్. మా వెనక కారొస్తుంది, అందులో రండి. అరకులో సాయంత్రం శాలువా కప్పి సన్మానం చేస్తాం."

"బండి మీద రానివ్వరా అమ్మా?"

"రూల్స్ మేడమ్. ఏమీ అనుకోకండి."

"అయితే శాలువా నీకాడే ఉంచుకో. రోడ్డు మీ సొంతం కాదు కదా. నా బండి మీద నాను వత్తాను."

ఫోన్ పెట్టేసి, తుడిచిన బండినే మళ్ళీ తుడిచాను. కోపం అరవై రెండేళ్ళకి కూడా చేతుల్లోకే వస్తుందని అప్పుడు తెలిసింది. వంటింట్లోంచి అంతా విన్న మా ఆయన ఒకే మాటన్నాడు: "ఎల్తానన్నాక ఎల్తావు. నానేటి సెప్పినా ఇనవు. బీపీ బిళ్ళలు అట్టుకెల్లు."

పాతబస్తీలో ఖాదర్ భాయ్

వాళ్ళు శనివారం తెల్లారుతూ బయల్దేరుతున్నారు. నా బండి వాళ్ళతో సమానంగా పరిగెత్తదు కాబట్టి నేను శుక్రవారమే బయల్దేరాలనుకున్నాను. గురువారం ఊళ్ళోని పాతబస్తీకి వెళ్ళి ఖాదర్ భాయ్‌కి బండి చూపించాను. ముప్పై ఏళ్ళ నుంచి నా బళ్ళన్నీ ఆయన చేతిలోనే. ఒకప్పుడు ఆయన షాపు ముందు ఆదివారం వస్తే పదిహేను బళ్ళు విప్పి ఉండేవి. ఎవరి బండి వాళ్ళు కిరసనాయిలుతో కడుక్కునేవారు, ప్లగ్గు గీకేవారు, ఆయన తిట్లు తింటూ నేర్చుకునేవారు. ఇప్పుడా షాపులో సీటు కవర్లు, రంగు లైట్లు, ఫోన్ పెట్టుకునే స్టాండ్లు వేలాడుతున్నాయి.

"కొత్త బళ్ళు నా దగ్గరికి రావు బేటీ" అన్నాడు చెయిన్‌కి నూనె వేస్తూ. "కంప్యూటర్ తగిలించి చూడాలంట. నా చెవి పెట్టి వింటే సరిపోదంట."

"నా బండికి నీ సెవే సాలు భాయ్."

ఆయన క్లచ్ రెండుసార్లు నొక్కి మొహం చిట్లించాడు. "కేబుల్ పాతబడింది. మార్చేస్తా. ఒకటి స్పేర్ కూడా పెట్టుకో."

మధ్యాహ్నం కావస్తోంది, ఎండ. వేరే బజారు నుంచి కేబుల్ తెప్పించడానికి గంట పడుతుందన్నాడు. "ఇప్పటికి బాగానే ఉంది కదా భాయ్, వచ్చాక మారుద్దాం" అన్నాను. పాత రోజుల్లో అయితే స్పేర్ కేబుల్ లేకుండా గాజువాక కూడా దాటేదాన్ని కాదు. ఫోన్ చేస్తే ఎవరో ఒకరు వస్తారులే అనే ధీమా నాక్కూడా అంటుకుంది. కొత్తవాళ్ళని తప్పుబట్టే ముందు ఈ సంగతి ఒప్పుకోవాలి.

భీమిలిలో సేపలబండి

శుక్రవారం పొద్దున్నే, ఇప్పుడు మేముంటున్న సీతమ్మధార నుంచి దిగి బీచ్ రోడ్డు పట్టాను. సముద్రం కుడిపక్కన ఉంటే నా బండి శబ్దం కూడా బాగుంటుంది. భీమిలిలో పడవలొచ్చే వేళకి చేరాను. ఒడ్డున చేపల వేలంపాట జరుగుతోంది. కానాగంతలు బుట్ట పదిహేనొందల దగ్గర మొదలై రెండు వేలకి ఆగింది. మా ఇంట్లో అరకిలో కొనడానికే బేరమాడతాం, అక్కడ బుట్టలకి బుట్టలు నిమిషంలో చేతులు మారుతున్నాయి.

ఆ బుట్టల్లో రెండింటిని పాత మోపెడ్‌కి రెండు పక్కలా కట్టుకుంటోంది ఒకామె. నా ఈడుకి నాలుగైదేళ్ళు చిన్నదేమో. లుంగీ గుడ్డ తలకి చుట్టుకుంది. పేరు లచ్చమ్మ. తాడు లాగడానికి నేనో చెయ్యి వేశాను.

"ఎక్కడికెల్తన్నావప్పా ఒక్కదానివీ?" అంటూ నన్ను అక్కని చేసేసింది.

"అరకు."

"బస్సులో ఎల్లకుండా బండేటి?"

"బండి మీద రావద్దన్నారు. అందుకే ఎల్తన్నాను."

ఆమె నవ్వి నోట్లో చుట్ట సర్దుకుంది. రోజూ సేపలేసుకుని తగరపువలస సంతకి, అక్కణ్ణుంచి లోపలి ఊళ్ళకి తిరుగుతుందట. పదహారేళ్ళ నుంచి. ఇది నాలుగో బండట. వానలో, వరదలో, బ్రేకులు లేకపోతే చెప్పు వేసిన కాలు నేలకి రాసి ఆపుతూ.

"నిన్నెవరన్నా రైడర్ అన్నారా?" అని అడిగాను.

"ఆ పేరేటో నాకు తెల్దు. సేపలమ్మి అంటారు. తొందరగా రాకపోతే తిడతారు."

తగరపువలస దాకా ఇద్దరం కలిసి వెళ్ళాం. నేను ఎంత ప్రయత్నించినా ఆమె మోపెడ్‌ని దాటలేకపోయాను. గతుకు ఎక్కడుందో, ఆవు ఎక్కడ అడ్డం వస్తుందో ఆమెకి ముందే తెలుసు. సంత దగ్గర విడిపోయేటప్పుడు ఆకులో నాలుగు కానాగంతలు చుట్టి ఇచ్చింది. డబ్బులిస్తే తీసుకోలేదు. పక్కనే ఉన్న హోటల్లో వేయించి పెట్టమని అడిగాను. హోటలాయన నూనెకి ఇరవై రూపాయలు తీసుకుని, పెసరట్టుతో పాటు పెట్టాడు. పెసరట్టూ, చేప వేపుడూ కలిపి తినడం నా జీవితంలో అదే మొదలు. ఎవరైనా తినకపోతే తినండి.

ఎస్.కోట లాడ్జిలో

విజయనగరం దాటి శృంగవరపుకోట చేరేసరికి నాలుగైంది. కొండలు అక్కణ్ణుంచే కనిపిస్తాయి. లాడ్జి మేనేజరు నా ఆధార్ కార్డు ముందూ వెనకా చూశాడు.

"ఒక్కరేనా అండీ? మగవాళ్ళెవరూ రాలేదా?"

"వచ్చారు కదా, మీరున్నారు."

"అది కాదండీ... బయట బండి ఎవరిది?"

బండి తాళం బల్ల మీద పెట్టాను. ఆయన తాళం వైపు చూసి, నా వైపు చూసి, కింద గది ఇచ్చాడు. రాత్రి భోజనానికి అన్నంతో పాటు చోడి అంబలి, అంటే రాగి జావ, కూడా పంపించాడు, అడక్కుండానే. అడిగినవి పనికిమాలిన ప్రశ్నలే గానీ మనిషి చెడ్డవాడు కాదు. పాత రోజుల్లో ఒంటరి ఆడదానికి గది ఇచ్చేవారే కాదు. ఆ ఒక్కటీ మారింది, ఒప్పుకుంటాను.

డముకు దగ్గర తెగింది

శనివారం ఏడింటికి బొడ్డవర దాటి ఘాట్ ఎక్కాను. పొగమంచు చెట్లకి వేలాడుతోంది. మా కాలంలో ఈ రోడ్డు మీద ఎదురెదురు వచ్చే బళ్ళు రెండుసార్లు హారన్ కొట్టి అరచెయ్యి ఎత్తేవి. పక్కన బండి ఆగి ఉంటే అడక్కుండా ఆగేవాళ్ళం. పెట్రోలు గొట్టం ఊడదీసి సీసాలో పట్టి ఇచ్చుకునేవాళ్ళం. నేను ప్రతి ఎదురుబండికీ చెయ్యెత్తాను. ఇద్దరు తిరిగి ఎత్తారు. ఒకతను కంగారుపడి తన టైరు వైపు చూసుకున్నాడు, గాలి పోయిందని చెబుతున్నాననుకుని.

డముకు మలుపులు దాటాక, గేరు మార్చబోతే ఎడమచేతి లీవరు ఒక్కసారిగా వదులైపోయింది. క్లచ్ కేబుల్ పుటుక్కున తెగింది. బండి గింజుకుని ఆగింది. పక్కన లోయ. కొండవైపు గోడకి ఆనించి దిగాను. ఖాదర్ భాయ్ మొహం గుర్తొచ్చి నన్ను నేనే తిట్టుకున్నాను. ఫోన్ తీశాను, సిగ్నల్ లేదు.

అరగంటకి కింద నుంచి బరువైన ఇంజన్ల చప్పుడు. నల్ల జాకెట్లు, మోకాళ్ళకి రక్షలు, హెల్మెట్ల మీద కెమెరాలు. గ్రూపే. ముందు హారిక. నేను చెయ్యెత్తి ఊపాను. ఆమె కూడా ఊపింది. వరసగా అందరూ ఊపారు. ఒకమ్మాయి బొటనవేలు కూడా చూపించింది. నేను ఆగి ఫొటోలు తీసుకుంటున్నాననుకున్నారని తర్వాత తెలిసింది. తొమ్మిది బళ్ళు అలా ఊపుకుంటూ మలుపు తిరిగిపోయాయి. చెవుల్లో మైకులు పెట్టుకుని వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకుంటున్నారు కాబట్టి నా కేక వాళ్ళకి చేరలేదు. ఆ నిమిషం నాకు ఏడుపొచ్చింది. రాయకుండా దాచడం దేనికి?

పదో బండి ఆగింది. వరస చివర వచ్చే బండి అది. నడిపే అమ్మాయి హెల్మెట్ తీసింది. పేరు షబానా, పాతబస్తీలో వాళ్ళకి బట్టల దుకాణం ఉందట.

"ఆంటీ, ఏమైంది?"

చెప్పాను. ఆమె కేబుల్ చూసి తల అడ్డంగా ఊపింది. "బ్యాకప్ కారు కింద ఎస్.కోటలో ఆగింది, గంటకొస్తది. మీరు అందులో ఎక్కండి, బండిని పైనుంచి ఆటో పంపి తెప్పిద్దాం."

ఆ కారు. శాలువా ఉన్న కారు.

"కారెక్కను" అన్నాను.

"మరెట్ల ఆంటీ? క్లచ్ లేకుండా బండి ఎట్ల ఎక్కుద్ది?"

"ముందు దిగాల. దిగితే ఎక్కుద్ది."

ఆ పిల్లకి అర్థం కాలేదు. ఇంజన్ ఆన్ చేసి, న్యూట్రల్‌లో బండిని పల్లం వైపు తిప్పాను. బ్రేకు వదిలితే బండి దానంతట అదే కదిలింది. కాస్త వేగం అందుకోగానే ఫస్ట్ గేరు తన్నాను. ఒక కుదుపు. దవడలు టకామన్నాయి. పట్టుకుంది! ఇక ఆపకూడదు. రోడ్డు వెడల్పుగా ఉన్నచోట ఎదురు ఏమీ రాకుండా చూసుకుని, మెల్లగా చుట్టు తిప్పి మళ్ళీ పైకి పట్టాను. యాక్సిలేటర్ వదిలి, ఆ క్షణంలో గేరు మార్చాలి. పది సార్లలో తొమ్మిది సార్లు పడుతుంది. ఆ పదోసారి ప్రాణం పోయి వస్తుంది.

నేను పక్కనుంచి వెళుతుంటే షబానా నోరు తెరిచి చూసింది. తర్వాత తన బండి ఎక్కి నా వెనకాల చేరింది. రెండు ఇండికేటర్లూ వెలిగించి, వెనకొచ్చే బస్సుల్ని ఆపుతూ, అనంతగిరి, సుంకరిమెట్ట మీదుగా అరకు దాకా నా వేగంతోనే వచ్చింది. దారిలో రెండు చోట్ల అడ్డంగా పశువులొచ్చి ఆగాల్సొచ్చింది. రెండుసార్లూ మళ్ళీ వెనక్కి దిగి, మళ్ళీ పట్టుకుని ఎక్కాను. రెండోసారి ఆ పిల్ల చప్పట్లు కొట్టింది. నా మణికట్టు అప్పుడే పోయింది.

అరకులో మాటామాటా

మెకానిక్కు దొరికాడు, కేబుల్ సాయంత్రానికి వేశాడు. గ్రూపు దిగిన రిసార్టుకి షబానా నన్ను బలవంతంగా తీసుకెళ్ళింది. లోపలికి అడుగు పెట్టేసరికి హారిక ఆమె మీద మండిపడుతోంది.

"చివరి బండి ఎక్కడుందో గంటన్నర సేపు తెలీలేదు. సిగ్నల్ లేదు. నువ్వు లోయలో పడ్డావో లేదో నాకెలా తెలియాలి?"

"ఆంటీని వదిలేసి రమ్మంటావా?"

"కారు కోసం ఆగమంటాను!"

నన్ను చూసి హారిక తగ్గింది. నేను మాత్రం తగ్గలేదు. "దాన్నేటి అంటావు? నాను సెయ్యెత్తితే మీరు తొమ్మండుగురూ టాటా సెప్పీసి ఎల్లిపోనారు. మా కాలంలో ఆగున్న బండిని దాటెల్లినోడికి షాపులో టీ కూడా పోసీవోరు కాదు. లచ్చల బండి, సెవిలో మైకు, నెత్తి మీద కెమెరా. ఒక్కరికన్నా కళ్ళున్నాయా?"

పళ్ళెంలో మడతపెట్టిన శాలువా బల్ల మీద సిద్ధంగా ఉంది. ఎవరూ దాన్ని ముట్టుకోలేదు.

హారిక నన్ను బయట అరుగు మీదికి తీసుకెళ్ళింది. తర్వాత అంది: "రెండేళ్ళ కిందట మాతో రైడ్‌కొచ్చిన నా ఫ్రెండ్ పడిపోయింది మేడమ్. కాలు తీసేశారు. రూల్స్ అప్పుడు రాశాను, ఆసుపత్రిలో కూర్చుని. వాళ్ళమ్మకి ఫోన్ చేసింది నేనే. నా లైన్లో మీకేదైనా అయితే మీ ఇంటికి ఫోన్ చెయ్యాల్సింది కూడా నేనే."

నేను మా తమ్ముడి సంగతి చెప్పాను. నాకు బండి నేర్పిన తమ్ముడు గాజువాక దగ్గర లారీ పక్కన జారి పడ్డాడు. తల మీద హెల్మెట్ లేదు. ఆ రోజుల్లో హెల్మెట్ పెట్టుకుంటే నవ్వేవారు. మా పాత రోజులు బంగారమని చెప్పుకుంటాం గానీ, ఆ బంగారంలో మా తమ్ముడు లేడు. ఈ మాట బయటివాళ్ళతో అన్నది అదే మొదటిసారి. హారిక నా చెయ్యి పట్టుకుంది.

"అయితే మీరే చెప్పండి. మీరు పెట్టుకొచ్చింది హెల్మెట్టా? సగం టోపీ."

"మెడ నొప్పెడతాదని..."

"దాంతో మాత్రం నేను ఒప్పుకోను."

"దేనికి ఒప్పుకోవు? నువ్వెలాగూ రానివ్వవు కదా."

ఆమె చేతిలోంచి నా చెయ్యి తీసుకున్నాను. నేనే అన్నాను: "సూడమ్మా. మా ఆయన నంబరు రాసిత్తాను. ఫోను సెయ్యాల్సొత్తే సెయ్యి. పెద్ద హెల్మెట్టు ఎట్టుకోమంటే ఎట్టుకుంటాను. బండి మాత్రం నానే నడుపుతాను, లైన్లోనే నడుపుతాను. రానివ్వకపోతే పక్కన నడుపుతాను."

దిగేటప్పుడు

ఆదివారం మధ్యాహ్నం బయల్దేరేటప్పుడు కారులోంచి స్పేర్ హెల్మెట్ ఒకటి తెచ్చి హారిక నా తలకి తొడిగి, గడ్డం కింద పట్టీ తనే బిగించింది. చెవులు నొక్కుకుపోయాయి, మెడ బరువెక్కింది. నోరు మూసుకుని ఉంచుకున్నాను. మాటంటే మాటే.

తర్వాత అందర్నీ పిలిచి చెప్పింది: "లైన్‌లో అందరికంటే స్లో బండి లీడర్ వెనకే ఉండాలి. మన రూల్ బుక్‌లోనే ఉంది. నా వెనక మేడమ్. ఆమెని ఎవరూ దాటకూడదు."

పెద్ద బళ్ళున్న ఇద్దరమ్మాయిలు గొణిగారు. ఇంజన్లు వేడెక్కుతాయని ఒకరు, సాయంత్రం నాలుగింటికి బీచ్ రోడ్డులో ఫొటోగ్రాఫర్లు ఎదురుచూస్తుంటారని ఒకరు. గాలికొండ దాటాక ఆ ఇద్దరూ హారన్ కొట్టి మమ్మల్ని దాటి వెళ్ళిపోయారు. హారిక వాళ్ళ వెంట పడలేదు. అద్దంలో నన్ను చూసి వేగం ఇంకాస్త తగ్గించింది.

ముందు ఒక పెద్ద బండి, మధ్యలో నా ఇరవై రెండేళ్ళ వంద సీసీ, వెనక ఏడు పెద్ద బళ్ళు గుర్రుగుర్రుమంటూ. ముప్పై ఐదు మీద ఘాట్ అంతా దిగాం. టైడా దగ్గర టూరిస్టు బస్సులోంచి జనం కిటికీల్లోంచి తలలు పెట్టి చూశారు. ఒక పెద్దాయన, "ఆ ముసలమ్మకి కాపలాయేటి?" అని డ్రైవర్ని అడగడం నాకు హెల్మెట్‌లోంచి కూడా వినిపించింది. వీళ్ళు కాపలా కాదు బాబూ, నా వెనక వస్తున్నారు, అని చెప్పాలనిపించింది. రెండు చేతులూ పనిలో ఉన్నాయి.

ఎస్.కోట దాటి తిన్నటి రోడ్డు మీదికొచ్చాక హారిక చెయ్యి ఊపింది, కాస్త పెంచమని. నా బండి నలభై ఐదు దాటితే హ్యాండిల్ వణుకుతుంది. నేను తల అడ్డంగా తిప్పాను. ఆమె మళ్ళీ ఊపింది. నేను మళ్ళీ తిప్పాను. మూడోసారి ఆమె ఊపలేదు.

బీచ్ రోడ్డు చేరేసరికి ఐదున్నర. ఫొటోగ్రాఫర్లు వెళ్ళిపోయారు. మాకోసం కట్టిన బ్యానరు ఒక పక్క తాడు ఊడి గాలికి కొట్టుకుంటోంది. ఒక్కొక్కరే ఇంజన్లు ఆపారు. షబానా నా హెల్మెట్ పట్టీ విప్పింది. హారిక గ్లవ్స్ తీసి, ఊడిన బ్యానర్ వైపూ నా బండి వైపూ చూసి నిట్టూర్చింది.

"వచ్చే నెల లంబసింగి వేస్తున్నాం మేడమ్. మీరు ముందుంటే, మంచు ఉండగా చేరాలంటే మేమంతా అర్ధరాత్రి లేవాలి."

"అయితే లెగండి" అన్నాను.